బక్కి చర్చిలో రెండో గొంతు

బక్కి, ఉత్తర ప్రాంతం
1567, క్రిస్మస్ వెళ్ళిన వారం

చిరంజీవి ఇల్లుగికి అన్న స్టుర్లా దీవించి రాసేది.

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. పెద్దగా ఏమీ రాయక్కర్లేదు. బతికే ఉన్నానని ఒక్క ముక్క చాలు. మన పాలేరు స్కెగ్గి చేపల వేటకి దక్షిణ తీరానికి వస్తున్నాడు. పోయేటప్పుడు ఇది నీకు ఇస్తాడు, వేట ముగిసి తిరిగొచ్చేటప్పుడు నీ దగ్గర ఆగుతాడు. అంటే ఎండాకాలం మొదలయ్యేదాకా నాకు కబురు తెలియదన్నమాట. అప్పటిదాకా ఎలా ఆగాలో తెలియడం లేదు.

జరిగింది చెబుతాను. క్రిస్మస్ పొద్దున ప్రార్థనకి లోయలో నడవగలిగిన వాళ్ళంతా వచ్చారు. చర్చిలో ఎంత చలి అంటే, దీపం దగ్గర నిలబడ్డవాళ్ళ నోళ్ళలోంచి కూడా ఆవిరి పొగలా వస్తోంది. నాన్న నేర్పిన పాత లాటిన్ పాట ఎత్తుకున్నాను. నువ్వు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ప్రతి క్రిస్మస్‌కీ నా సగం నేను పాడుకుంటున్నాను. రెండు గొంతుల పాటని ఒక్క గొంతుతో వింటే కుంటి గుర్రం నడక విన్నట్టుంటుందని ఆస్లౌగ్ ముసలమ్మ ఏటా సాధిస్తూనే ఉంటుంది. సాధించనీ. రెండో గొంతు నేనెక్కడి నుంచి తేను?

ఈసారి అది వచ్చింది.

పాట మొదటి వరసలో ఉండగా నా ఎడమ పక్క, నువ్వు నిలబడే స్తంభం దగ్గర, ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడైంది. దాంతోపాటు ముక్కులో సన్నటి ఈల. ఎర్ర గుర్రం తన్ని నీ ముక్కు విరిగిన నాటి నుంచీ, పాట అందుకునే ముందు నీకు వచ్చే ఈల. ఆ వెంటనే కింది గొంతు అందుకుంది. నీ గొంతే ఇల్లుగీ. నీలా ఉన్న గొంతు కాదు. రెండో చరణంలో నువ్వు ఎప్పుడూ కాస్త తొందరపడే మాట దగ్గర అదీ తొందరపడింది.

నేను ఆపలేదు. ఆపితే ఏమవుతుందోనని ఒక భయం. ఆపాలని అనిపించకపోవడం ఇంకొకటి. తల తిప్పి చూస్తే స్తంభం దగ్గర ఎవరూ లేరు. మనిషి నోరుండే ఎత్తులో మాత్రం తెల్లటి ఆవిరి వస్తూ పోతూ ఉంది, పాట ప్రకారం. గుమ్మం దగ్గర పడుకున్న కుక్కలు లేచి అటు చూసి తోకలాడించాయి.

అయ్యాక ఆస్లౌగ్ నా చెయ్యి పట్టుకుంది. ఆమెకి ఇప్పుడు చూపు దాదాపు లేదు.

"ఇల్లుగి బాబు ఎప్పుడొచ్చాడు? మా గడపలోకి రాకుండానే పాటకి నిలబడ్డాడే."

"రాలేదమ్మా."

"రాకపోవడమేంటి? కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా నాకు."

మిగతావాళ్ళు నా మొహం చూసి తలలు దించుకుని ఇళ్ళకి పోయారు. వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలుసు. సముద్రంలో పోయినవాళ్ళు క్రిస్మస్‌కి పుట్టిన ఊరికి వస్తారని మన అమ్మ కూడా చెప్పేది కదా.

బతికే ఉన్నానని రాయి తమ్ముడూ.

నీ అన్న,
స్టుర్లా


సాండర్, దక్షిణ తీరం
వేట ముగిసిన రోజులు

పూజ్యులైన అన్నయ్యకి, నువ్వు చంపేసిన తమ్ముడు రాసే జవాబు.

బతికే ఉన్నాను. స్కెగ్గి వచ్చేసరికి నేను పెరట్లో ఎండుచేపని రాతి మీద పెట్టి సుత్తితో బాదుతున్నాను. దెయ్యాలు అంత చాకిరీ చేస్తాయని నేననుకోను. వాడు మాత్రం నన్ను భుజం మీద తట్టి, గిల్లి, నిజంగా మనిషినేనని తేల్చుకున్నాకే లోపలికొచ్చాడు. "మా అయ్యగారు సగం చచ్చిపోయారు, ఇక్కడ తమరు చేపలు దంచుకుంటున్నారా" అని తిట్టాడు కూడా.

ఒంటరిగా ఉంటే చెవుల్లో ఏవేవో మోగుతాయి. ఆ చర్చి గోడలు పచ్చిక గడ్డలతో కట్టినవి, గాలి ఏ సందులోంచి దూరి ఏ కూత కూస్తుందో ఎవరికి తెలుసు? లోయ మొత్తం విందంటావా, లోయ మొత్తానికీ నా మీద అభిమానం ఉంది మరి. ఇక్కడ అలాంటివాళ్ళు లేరు. రెండు గొంతుల పాట పేరెత్తితే మా కొత్త బిషప్ గారికి కడుపులో తిప్పుతుంది. దేవుడికి ఒక్క వరస చాలట.

క్రిస్మస్ రోజు నాకు కాస్త గొంతు పట్టేసిన మాట నిజం. చర్చిలో నా ప్రసంగం నడుస్తుండగా మాట పెగల్లేదు. జనం తొందరగా ఇళ్ళకి పోయి మాంసం తిన్నారు కాబట్టి ఎవరూ బాధపడలేదు. సాయంత్రానికి సర్దుకుంది.

వేట ఈసారి బాగోలేదు. నీ మరదలు వాల్గెర్ద్ నలతగా ఉంది, ఎక్కువ మాట్లాడటం లేదు. ఆమె తమ్ముడు ఓర్మ్ సంగతి ఇంకోసారి రాస్తాను.

ఒక మాట, ఊరికే అడుగుతున్నాను. క్రిస్మస్ తరువాత మళ్ళీ ఆ పాట పాడావా? పాడితే ఏయే రోజుల్లో? గుర్తున్నంతవరకు రాయి.

నీ తమ్ముడు,
ఇల్లుగి


బక్కి
వేసవి, ఏటా జరిగే మహాసభకి జనం బయల్దేరే వేళ

చిరంజీవి ఇల్లుగికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివి, దిండు కింద పెట్టుకున్నాను. నువ్వు బతికే ఉన్నావు. ఇంక నాకు దేని గురించీ భయం లేదు.

పాడావా అని అడిగావు. పాడాను. పాడకుండా ఎలా ఉంటాను? నువ్వు పోయావేమోనని భయపడుతూ పాడాను, పోయినవాడివి కనీసం పాటలోనైనా దొరుకుతావని. ప్రతిసారీ వచ్చావు. కొవ్వొత్తుల పండుగ నాడు, ఉపవాసాల ముందు ఆదివారం, ఈస్టర్ పొద్దున. చివరిసారి ఈస్టర్ వెళ్ళిన బుధవారం. అది పండుగా కాదు, ప్రార్థన రోజూ కాదు. చర్చి తలుపు కింద చెక్క చీకిపోతే సరిచేద్దామని వెళ్ళాను. లోపల నేనొక్కణ్ణే. బయట ఎండ కాస్తోంది. సుత్తి పక్కన పెట్టి ఊరికే ఎత్తుకున్నాను.

మనం అంత బాగా ఎప్పుడూ పాడలేదురా, నాన్న ఉన్న రోజుల్లో కూడా. నువ్వు పైకి లేచే చోట నేను ఎదురు చూడక్కర్లేకపోయింది. అన్ని చరణాలూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి పాడాం. ఆ తరువాత ఇంకోసారి. స్తంభం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. ఆవిరి నా అరచేతికి తగిలింది. వెచ్చగా ఉంది. పక్కపక్కనే పడుకున్న చిన్నప్పుడు నా మెడ మీద తగిలే నీ ఊపిరి గుర్తొచ్చింది.

ఇదేమిటో నాకు తెలియదు. చెడ్డదైతే కుక్కలు తోకలాడించవు కదా. ఓద్నిని మట్టిలో పెట్టిన నాటి నుంచి ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. భార్య పోయినవాడికి గొర్రెలు, గాలి, వారానికోసారి జనం. అంతే కదా. ఇప్పుడు ఏ పొద్దున లేచినా, కావాలంటే నా తమ్ముడు నా పక్కన నిలబడతాడని ఒక ధైర్యం. చుట్టుపక్కల లోయలకి కూడా కబురు పాకింది. వచ్చే క్రిస్మస్‌కి కొండ దాటి వస్తామంటున్నారు. ఆస్లౌగ్ అయితే అప్పటిదాకా చావనని అందరికీ చెబుతోంది.

ఓర్మ్ సంగతి ఏమిటి? పెళ్ళి కుదిరిందా?

నీ అన్న,
స్టుర్లా


సాండర్
మహాసభ నుంచి జనం తిరిగొచ్చే వేళ

అన్నయ్యకి.

ఇంతకుముందు రాసిన ఉత్తరంలో నీకు చాలా విషయాలు చెప్పలేదు. నువ్వు రాసిన రోజులు చూశాక దాచి లాభం లేదు. కూర్చుని చదువు.

క్రిస్మస్ పొద్దున నాకు గొంతు పట్టేయలేదు. పోయింది. నొప్పి లేదు, దగ్గు లేదు. నోరు తెరిస్తే ఊపిరి బయటికి పోతోంది గానీ శబ్దం లేదు. లోపల మాత్రం పాట నడుస్తోంది. ఛాతీ దానంతటదే నిండుతోంది, నువ్వు ఆగే చోట ఆగుతోంది. జనం ముందు నిలబడ్డ నా ముక్కుకి మన బక్కి చర్చి వాసన తగిలింది. సీల్ కొవ్వు దీపం, తడి ఉన్ని, కుక్కలు. పాట అయిపోయినట్టు నాకు తెలిసింది. గొంతు మాత్రం సాయంత్రానికి గానీ రాలేదు.

కొవ్వొత్తుల పండుగకి మళ్ళీ పోయింది. తిరిగి రావడానికి ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. తరువాత ఇంకా ఎక్కువ. ఎవరికీ చెప్పలేదు. వాల్గెర్ద్‌కి మాత్రం తెలుసు.

ఇప్పుడు ఆ బుధవారం. మీ దగ్గర ఎండ కాసింది. మా దగ్గర పొగమంచు.

మా ఒడ్డు నువ్వు చూడలేదు. రేవు లేదు, రాయి లేదు, నల్లటి ఇసుక, దాని మీద విరుచుకుపడే కెరటాలు. పడవ ఒకే ఒక్క చోట లోపలికి రావాలి. పక్కకి జరిగితే బోల్తా పడుతుంది. మంచు కమ్మితే పడవలో వాళ్ళకి ఒడ్డు కనిపించదు, వినాలి. నేనిక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆ పని నాది. ఇసుక దిబ్బ మీద నిలబడి పాడతాను. బిషప్ గారికి నచ్చని గొంతే అయినా కెరటాల మీదుగా పోతుంది. "అయ్యగారి గొంతు ముక్కుకి సూటిగా పెట్టుకుని రండి" అని తెడ్లు వేసేవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ రోజు చిట్టచివర మిగిలింది ఓర్మ్ పడవ. మంచులోంచి వాడి కేక వినిపించింది.

"అయ్యగారూ, ఎటు?"

నేను నోరు తెరిచాను. ఛాతీ నిండింది. సీల్ కొవ్వు దీపం వాసన వచ్చింది. శబ్దం లేదు.

"బావా, ఎక్కడున్నావు? పలుకు."

నేను చేతులు ఊపాను. మంచులో చేతులు ఎవరికి కనిపిస్తాయి? తెడ్డు తీసుకుని ఒడ్డున ఉన్న పడవ చెక్క మీద కొట్టాను, కెరటాల హోరులో కలిసిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్ళు అరిచారు, వాళ్ళ అరుపులు తలో దిక్కు నుంచి వచ్చి పడవని ఇంకా తికమక పెట్టాయి. వాడు మూడోసారి కూడా పిలిచాడు. ఆ తరువాత చెక్క విరిగిన చప్పుడు. నడుము లోతు దాకా దిగాను, ఛాతీ దాకా దిగాను. ఒక్క మనిషిని లాగగలిగాను, వాడు ఓర్మ్ కాదు.

ఇంటికొస్తే వాల్గెర్ద్ గుమ్మంలో నిలబడి ఉంది.

"పిలిచావా?"

తల ఊపాను.

"ఎవరికీ వినపడలేదంటున్నారే."

అంతే. మళ్ళీ అడగలేదు. ఆ తరువాత వారాలపాటు నాకు గొంతు లేదు. వచ్చాక ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఇంటి పని మాటలు తప్ప.

అన్నయ్యా, నీకు తెలియదు. తెలిసి చేసేవాడివి కాదు. నిన్ను ఒక్క మాట కూడా అనను. ఆ పాట మాత్రం ఇక పాడకు. కూనిరాగం కూడా తీయకు.

ఇల్లుగి


బక్కి
గొర్రెల్ని కొండ దింపిన రోజులు

తమ్ముడికి.

రెండు నెలల నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాను. వెన్న ఇచ్చి ఎండుచేప తెచ్చుకోవడానికి మావాళ్ళు మీ వైపు వస్తున్నారు. ఇవాళ రాయకపోతే ఇంక కుదరదు.

పాడటం లేదు. నీ ఉత్తరం చదివిన క్షణం నుంచి పాడలేదు. మొన్న గొర్రెల దొడ్లో ఏ గొర్రె ఎవరిదో చెవి గుర్తులు చూస్తూ ఉండగా నాకు తెలియకుండా పెదవుల మీదికి మొదటి వరస వచ్చింది. చేతిలో ఉన్న గొర్రెని వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకున్నాను. అందరూ చూశారు. అయ్యగారికి పిచ్చి పట్టిందనుకున్నారేమో.

ఓర్మ్ మీ పెళ్ళిలో తాగి నా టోపీ పెట్టుకుని ప్రసంగం చేశాడు, గుర్తుందా? ఆ పిల్లాడి మొహమే కనిపిస్తోంది. నేను సంతోషంగా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను చూడు, ఇంకోసారి, ఇంకోసారి అని. అప్పుడు వాడు నిన్ను పిలుస్తున్నాడు. వాల్గెర్ద్‌కి ఏమని రాయను? రాయడానికి నాకు మొహం లేదు.

ఇక్కడ జనం ఊరుకోవడం లేదు. ఆస్లౌగ్ ప్రతి ఆదివారం గుమ్మంలోనే పట్టుకుంటుంది.

"ఏం అయ్యగారూ, తమ్ముడితో తగువా?"

"తగువేం లేదమ్మా."

"మరి పాడరేం? మేం ఈ చలిలో పడి వచ్చేది మీ ప్రసంగం కోసమనుకున్నారా?"

కారణం చెప్పలేదు. చెబితే ఇక్కడివాళ్ళు నిన్ను ఏమంటారో, అక్కడివాళ్ళు నన్ను ఏమంటారో.

ఇంకో సంగతి ఉంది, రాయాలో వద్దో తెలియలేదు. నేను పాడకపోయినా స్తంభం దగ్గర ఊపిరి ఉంటోంది. ప్రార్థన చదువుతుంటే పక్కన ఆ ఈల వినిపిస్తుంది. పాట కోసం సిద్ధంగా నిలబడ్డవాడు తీసుకునే ఊపిరి. నేను పుస్తకం మూసేదాకా ఉండి, పోతుంది. అటు చూడటం మానేశాను.

నీ గొంతు నీ దగ్గరే ఉంటోందా? అది రాయి.

స్టుర్లా


సాండర్
మొదటి మంచు పడ్డాక

అన్నయ్యకి.

గొంతు నా దగ్గరే ఉంది. నువ్వు మానేసినప్పటి నుంచి ఒక్క రోజు కూడా పోలేదు. కాబట్టి ఆ ఈల గురించి భయపడకు. అది నేను నీ గురించి ఆలోచించినప్పుడు వస్తోందేమో. అయితే నీకు చాలాసార్లు వినపడి ఉండాలి.

చేతిరాత చూసి కంగారు పడకు. ఇది వాల్గెర్ద్ రాస్తోంది, నేను చెబుతున్నాను. గాలం గుచ్చుకుని నా వేలు వాచింది. దగ్గు కూడా కాస్త ఉంది, వసంతంలో నీళ్ళలో నానిన దగ్గర్నుంచి. చలికాలం ఎవరికి లేదు? తన గురించి ఇది రాయనంటోంది, నేను రాయమంటున్నాను: ఆమె ఈ మధ్య నా దగ్గర కూర్చుంటోంది.

ఇసుక దిబ్బ మీదికి మళ్ళీ వెళ్ళాను. మనుషులు నన్ను పిలిచారు. వాళ్ళు పిలుస్తారనుకోలేదు.

ఇక్కడ పక్కమీద కూర్చుని నా వరస ఒక్కటే పాడుకుంటుంటాను, నెమ్మదిగా. ఆస్లౌగ్ చెప్పింది నిజమే, కుంటి గుర్రమే. అన్నయ్యా, నువ్వు లేకుండా అది పాట కాదు.

ఇల్లుగి


బక్కి
క్రిస్మస్ మర్నాడు

తమ్ముడికి.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. అంతకంటే ముందు ఒక్కటి అడగాలి. నిన్న పొద్దున నీ గొంతు నీ దగ్గరే ఉందా?

కొండ అవతలి నుంచి కూడా జనం వచ్చారు. చర్చిలో పట్టక గుమ్మం బయట మంచులో నిలబడ్డారు. నేను ముందే చెప్పాను, ఈ ఏడు పాత పాట లేదు, మన భాషలో కొత్త కీర్తన అందరం ఒక్క వరసలో పాడదామని. కీర్తన పాడారు. మనసు పెట్టకుండా పాడారు. సువార్త చదివాను. పుస్తకం మూశాను.

అప్పుడు ఈల వినిపించింది. నేను ఎత్తుకోలేదు ఇల్లుగీ. ప్రమాణం చేసి చెబుతున్నాను, పెదవి కదపలేదు. కింది గొంతు తనంతట తనే మొదలుపెట్టింది.

అంత స్పష్టంగా ఇంతకుముందు ఎప్పుడూ లేదు. దగ్గు లేదు, బొంగురు లేదు. నీకు ఇరవయ్యేళ్ళప్పుడు ఉన్న గొంతు. ఒక్కటే పాడుతోంది. పైన ఏమీ లేకుండా ఆ వరస వింటుంటే, చీకటి ఇంట్లో గోడలు తడుముకుంటూ ఎవరో నడుస్తున్నట్టుంది. మొదటి చరణం చివర నేను అందుకోవాల్సిన చోట ఆగింది. ఆగి ఉంది. ఆవిరి స్తంభం ముందు గాలిలో కదలకుండా నిలిచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

నేను బలిపీఠం అంచు పట్టుకున్నాను. నా నోరు తెరుచుకుంటే ఎక్కడో పొగమంచులో ఒక మనిషి ఎటు అని అడుగుతాడని, నువ్వు దిబ్బ మీద చేతులు ఊపుతూ ఉంటావని, అదే అనుకుంటూ దవడ బిగించాను. కుక్కలు స్తంభం దగ్గరికి పోయి చుట్టూ పడుకున్నాయి.

ఆస్లౌగ్ జనంలోంచి తడుముకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"పిలుస్తున్నాడు బాబూ. పలకండి."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకి కనిపించదని గుర్తు రాలేదు.

"పలకరేం? అంత దూరం నుంచి వస్తే మొహం తిప్పుకుంటారా?"

మూడోసారి పాట స్తంభం దగ్గర నుంచి రాలేదు. నా చెవి పక్క నుంచి వచ్చింది. వెచ్చదనం లేదు ఈసారి. చెంప మీద మంచు పెట్టినట్టుంది. రెండు వరసలు పాడి, ఒక మాట సగంలో ఆగిపోయింది. నేను ఉగ్గబట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు. జనంలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. మళ్ళీ తల తిప్పి చూసేసరికి ఆవిరి లేదు. కుక్కలు లేచి బయటికి పోయాయి.

ఎవరూ నాకు పండుగ శుభాకాంక్షలు చెప్పకుండా వెళ్ళిపోయారు. పోనీ. నీ గొంతు నీకు దక్కాలనే పలకలేదురా. దక్కిందా?

నీ అన్న,
స్టుర్లా

ఇది రాసి, వేటకి పోయేవాళ్ళు బయల్దేరేదాకా పెట్టెలో ఉంచాను. ఇవాళ వాళ్ళు గుర్రాలకి జీను కడుతుండగా దక్షిణం నుంచి మనిషి వచ్చాడు. ఈ ఉత్తరం పంపను.


సాండర్
క్రిస్మస్ వారం

బావగారికి వాల్గెర్ద్ నమస్కరించి రాసేది.

మీ తమ్ముడు, పునీతుడైన తోర్లాక్ గారి పండుగ నాడు, క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట పోయారు. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆయన వేలికి ఏమీ కాలేదు. కలం పట్టుకునే ఓపిక లేక నా చేత రాయించారు, మీకు చెప్పొద్దన్నారు.

గొంతు చివరిదాకా బాగానే ఉంది. పోయే రోజు కూడా నాతో మాట్లాడారు. ఓర్మ్ పోయిన దగ్గర్నుంచి నేను ఆయన్ని చాలా శిక్షించాను బావగారూ. మాట్లాడకుండా శిక్షించాను. శరదృతువులో గానీ ఆయన చిక్కిపోతున్న సంగతి కళ్ళెత్తి చూడలేదు. చూశాక వదల్లేదు. ఆఖరి వారాల్లో మా ఇద్దరికీ మళ్ళీ మాటలు కలిశాయి. కానీ పోయిన నెలలు తిరిగి రావు.

మీరు పాట మానేశారని ఆయనకి బాధగా ఉండేది. తప్పదని తెలుసు, అయినా బాధే. పోయే రోజు పొద్దున నాతో అన్నారు, "ఈ క్రిస్మస్‌కి అన్నయ్య నన్ను పిలవక్కర్లేదు. నేనే వెళ్తాను. ఇంక నా గొంతు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి ఎవరికీ ఏమీ పోదు. ఈసారి తనివితీరా పాడుకుంటాం." అలా అన్నప్పుడు నవ్వారు. అన్నాళ్ళలో ఆయన నవ్వడం నేను చూడలేదు.

మీకు చెప్పి పంపడానికి వ్యవధి లేకపోయింది. ఈ మనిషి మీ దగ్గరికి చేరేసరికి పండుగ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఒక్కటి రాయండి. వచ్చారా? వస్తే మీరిద్దరూ పాడారా? నాకు ఇంకేమీ వద్దు. అది తెలిస్తే ఈ చలికాలం గడుపుకుంటాను.

వాల్గెర్ద్


బక్కి
వేటకి జనం బయల్దేరే రోజు

అమ్మా వాల్గెర్ద్, బావ స్టుర్లా దీవించి రాసేది.

మనుషులు గుర్రాల మీద నా కోసం ఆగి ఉన్నారు. కాబట్టి ఎక్కువ రాయలేను. వేసవిలో దారులు తెరుచుకోగానే నేనే వస్తాను. వాడి సమాధి చూపించు, ఓర్మ్ పోయిన చోటూ చూపించు. అక్కడ నీ ముందు నిలబడి నేను చెప్పుకోవాల్సింది ఉంది, అది కాగితం మీద చెప్పేది కాదు.

నువ్వు అడిగినదానికి జవాబు. వచ్చాడమ్మా. క్రిస్మస్ పొద్దున, సువార్త చదివాక వచ్చాడు. గొంతులో దగ్గు లేదు, బొంగురు లేదు. చర్చి నిండా జనం విన్నారు. కుక్కలు వాడి కాళ్ళ దగ్గర పడుకున్నాయి. ఇక్కడ ఆస్లౌగ్ అని ఒక ముసలమ్మ ఉంది, ఎవరైనా మీ వైపు వస్తే ఆమె కూడా ఇదే చెప్పి పంపుతుంది. ఆమెతో మాట్లాడాను.

పాడామమ్మా. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఇద్దరం పాడాం. వాడికి ఒక్క చోట కూడా నా కోసం ఆగాల్సిన పని పడలేదు.

మీ బావ,
స్టుర్లా